మా ఇంట్లో లేని మగమనిషి

1998 ఆగస్టు 13, గురువారం, ఉదయం పదకొండున్నర. పోస్టుమాన్ నా కథను నాకే తెచ్చి ఇచ్చాడు. వారపత్రిక వాళ్ళు తిప్పి పంపుతూ ఒక చీటీ జతచేశారు. ఆడవాళ్ళు తమకు తెలియని సంగతులు ఊహించి రాయడం కన్నా ఇంటి విషయాలు రాస్తే పరిశీలిస్తారట.

ఆ కథ గుంటూరు మిర్చి యార్డు గురించి. అక్కడ కొనేవాడూ అమ్మించే కమీషన్ వ్యాపారీ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పక్కనే నిలబడ్డ రైతుకు తన సరుకు ధర చివర్లో గాని తెలియదు. మిరపకాయల బస్తాలను మా వైపు టిక్కీలంటారు. మా ఆయన పోయాక నాలుగేళ్ళు నా టిక్కీల మీద నేనే కూర్చుని ఆ తువ్వాలు కదలడం చూశాను. ఊహించిందేమీ లేదు.

ఆ మధ్యాహ్నమే కథను మళ్ళీ తెల్లకాగితాల మీద ఎత్తి రాశాను. పేరు తప్ప ఒక్క అక్షరం మార్చలేదు. మా ఆయన పేరు పెట్టలేదు. పొలం ఆయన పేరునే ఉంది, ఎరువుల అప్పూ ఆయన పేరునే ఉంది, కథలు కూడా ఎందుకు? ఎవరిదీ కాని మగ పేరు ఒకటి కల్పించాను. దాన్ని ఇక్కడ రాయను. ఏ పనీ చెయ్యనివాడికి ఇంకా పేరెందుకు? నవంబరులో అదే వారపత్రికలో కథ అచ్చయింది. మట్టిలో చెయ్యి పెట్టిన మగవాడే ఇలా రాయగలడని సంపాదకుడు పైన రెండు వాక్యాలు మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఆ పేరుతోనే మరో ఇరవై రెండు కథలు రాశాను. టపా అంతా ఆ పేరు మీద మా ఇంటికి వచ్చేది. ఒంటరి ఆడదాని ఇంటికి మగవాడి పేరుతో టపా వస్తుంటే ఊరు ఊరుకుంటుందా?

2002 మార్చిలో కల్లంలో కాయలు ఎండబోస్తున్నాను. మా మరిది వచ్చి కాసేపు కాయలు తిరగేశాడు.

"వదినా, ఎవడు వాడు?"

"ఎవడు?"

"నీ ఇంటికి పుస్తకాలొచ్చేవాడు. పొన్నూరోడని ఒకడంటాడు, పేటలో మిల్లు గుమాస్తా అని ఇంకొకడంటాడు. పొడుగ్గా ఉంటాడంట. మా ఆవిడ చూసిందంట కూడా."

"ఏ రంగు చొక్కా వేసుకున్నాడంట?"

"ఏళాకోళాలొద్దు. నలుగురిలో నేను తలెత్తుకోవాలా, వద్దా?"

"ఎత్తుకో అబ్బాయ్. వాడు నేనే. కథలు రాస్తున్నాను."

అతను కాయల పక్కనే చతికిలబడ్డాడు. ముందు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఇంకా భయపడ్డాడు.

"యార్డు సంగతులు రాసింది నువ్వా? మన కమీషన్ వ్యాపారికి తెలిస్తే నీ సరుకు దించుకోడు, నాదీ దించుకోడు. నోరు మూసుకునుండు వదినా. ఎవరన్నా అడిగితే నేను రాశానని చెబుతాలే."

"ఉత్తరం ముక్క రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవాడివి. కథలెప్పుడు నేర్చావయ్యా?"

మరుసటి ఏడాది చిలకలూరిపేటలో ఒక సాహితీ సంఘం ఆ 'రచయిత'కు సన్మానం తలపెట్టింది. కథలన్నీ కలిపి పుస్తకంగా కూడా వేస్తామంది. దంపతులుగా రమ్మని పిలుపు. మా వైపు సన్మానమంటే ఆలుమగలను పక్కపక్కన కూర్చోబెట్టి బట్టలు పెట్టాలి. వేదిక మీద రెండు కుర్చీలు, పళ్ళెంలో పంచెల చాపు, చీర, కుంకుమ భరిణె. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. కార్యదర్శి నా నుదురు చూసి భరిణె చప్పున పక్కకు తీశాడు.

"మీరు రచయితగారికి అక్కగారాండీ?"

"రచయితను నేనేనండి."

నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళాడు. "కరపత్రాలు పంచేశామండి. పుస్తకం అట్ట కూడా ఆ పేరుతోనే అచ్చయింది. తమ్ముడి తరఫున మీరు అందుకోండి, ఆయనకు జ్వరమని మేం చెబుతాం. పేరు మారిందంటే పుస్తకం వెయ్యలేమండి."

"జ్వరమేమీ లేదు, నిక్షేపంగా ఉన్నాడు" అని మైకు దగ్గరకు నడిచాను. ఇరవై మూడు కథలూ నేనే రాశానని చెప్పాను. "ఆ పంచెలు వెనక్కి తీసుకెళ్ళకండి. మా వైపు పత్తే అయి ఉంటుంది, ఇలా ఇవ్వండి" అన్నాను.

ముందు వరుసలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి వినుకొండ రైతు ఒకాయన లేచాడు. "ఆడమనిషి రాసిందని తెలిస్తే చదివేవాణ్ణి కాదమ్మా. అన్నీ చదివేశాను. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఇంకోసారి చదవండి" అన్నాను.

కమీషన్ వ్యాపారి నిజంగానే నా సరుకు దించుకోలేదు. ఆ నెలలోనే ఇంకొకరి దగ్గరకు వెళ్ళాను. తువ్వాలు తీసి ధర నోటితో చెప్పమన్నాను. నవ్వారు. టిక్కీల మీద నుంచి నేను లేవలేదు. చివరికి నోటితోనే చెప్పారు. సన్మానం పంచెల మీద ఏటా వడియాలు పెట్టుకుంటున్నాను.

పోయినవి ఇవి. అట్ట వరకూ వచ్చిన పుస్తకం ఒకటి. వారపత్రికలో చోటు, నా పేరుతో పంపిన ఆరు కథలూ తిరిగొచ్చాయి. మా ఆయన నాటి నుంచీ మా సరుకు దించుకున్న దుకాణం. మరిదితో రెండేళ్ళ మాటలు. ఇరవై మూడు కథల మీద నా పేరు. అచ్చులో అవి ఇప్పటికీ ఆ లేని మగమనిషివే.