చేతికి గొడ్డలి అంటగట్టిన బొమ్మ

ఇంగ్లండులోని హేజల్‌డీన్ ఊళ్లో కెజియా టిక్నర్ అంటే కోపిష్ఠి అనేవాళ్లు. ఆ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. సున్నపురాయి గనిలో మొగుడు పోయాక ఊరి బట్టలుతికి ముగ్గురు పిల్లల్ని సాకింది. కాగు కింద మంట ఆరితే ఇంటిల్లిపాదికీ పస్తే. కట్టెలు దొరగారి అడవిలోవి. పొడుగాటి కొక్కెం కర్రతో లాగితే విరిగొచ్చిన ఎండుకొమ్మ పేదలది. గొడ్డలి తగిలితే దొంగతనం. తాతల నాటి కట్టుబాటు అది.

ఒక అక్టోబరులో లవ్‌గ్రోవ్ అనే చిత్రకారుడు లండన్ నుంచి దిగాడు. అడవిలో బీచ్ అనే చెట్ల ఆకులు రాగిరంగుకి తిరిగి ఉన్నాయి. చేతిలో కొక్కెం కర్ర, వీపున కట్టెల మోపుతో వస్తున్న కెజియాని ఆపి, "అలాగే నిలబడమ్మా, కదలకు," అన్నాడు. ఐదు రోజులు నిలబెట్టి టీ పొట్లం చేతిలో పెట్టాడు. బొమ్మ మాత్రం చూడనివ్వలేదు.

ఆ బొమ్మని దొరగారే కొన్నారు. మరుసటి ఏడు ఆకులు రాలే వేళకి దివాను గ్రిగ్స్‌బీ కెజియా గుమ్మంలోకొచ్చాడు.

"ఇక అడవిలో అడుగుపెట్టకు."

"నేనేం చేశానయ్యా?"

"ఏం చేశావో దొరగారి భోజనాల గదిలో వేలాడుతోంది. చేతిలో గొడ్డలి, వీపున పచ్చికొమ్మలు!"

పక్కింటి హెటీ విని, "నీకు గొడ్డలెక్కడిదే? రొట్టె కోసే కత్తికే పిడి లేదు కదా!" అంది. కెజియా నవ్వలేదు. లవ్‌గ్రోవ్ దొరగారింటికి విందుకొచ్చాడని తెలిసి, తడిచేతులతోనే బయల్దేరి పెద్ద గుమ్మంలోంచే లోపలికెళ్లింది.

గోడ నిండా ఎర్రటి ఆకులు, వాటి మధ్య తను. చేతిలో గొడ్డలి.

"ఇదెక్కడిదండీ?"

లవ్‌గ్రోవ్ చెంచా దించాడు. "ఆ కర్ర మరీ పొడుగమ్మా, ఆకాశాన్ని రెండు ముక్కలు చేసింది. గొడ్డలైతే ఒదిగింది. ఎరుపు పక్కన కాస్త పచ్చ లేకపోతే బొమ్మ చచ్చిపోయేది."

"బొమ్మ బతకడానికి నన్ను దొంగని చేశారా?"

దొరగారు నవ్వి, తలుపు దగ్గరున్న దివాను వైపు తిరిగారు. "సరేలే గ్రిగ్స్‌బీ, ఏరుకోనీ."

"మరి ఆ గొడ్డలి చెరిపించండి దొరా."

"లండనంతా మెచ్చిన బొమ్మ అది!"

"రేపు నా కూతురు ఈ ఇంట్లో పనికొస్తే, మీ అమ్మ దొంగ అని వేలెట్టి చూపిస్తారు కదా!"

దొరగారు నౌకర్లకి సైగ చేశారు. వడ్డన సాగింది.

ఆ వారమే ఆమె అడవికెళ్లింది. వచ్చేటప్పుడు తిన్నగా పెద్దింటి ముందుకొచ్చి, రాతిమెట్ల మీద మోపు దభీమని పడేసి, తాడు విప్పి, "గ్రిగ్స్‌బీగారూ!" అని కేకేసింది. ఒక్కో కొమ్మా ఎత్తి, విరిగిన కొస ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది కోసిందా, విరిగిందా? నోటితో చెప్పండి."

"విరిగిందే. ఇక రోజూ ఈ గోలేనా అమ్మా నాకు?"

"ఆ బొమ్మ గోడ మీదున్నన్నాళ్లూ ఇంతే. ఇదిగో, ఇంకోటి."

అలా మోపు తెచ్చిన ప్రతిసారీ, పంతొమ్మిదేళ్లు.