తమ్ముడి మెడ మీది వల

మా తమ్ముడు పోయాడని పోయిన నెల ఒక పొద్దున పాల్వంచ నుంచి మరదలు ఫోన్ చేసింది. ఫోన్ మోగితే చాలు, ఎవరికేమయిందోనని వణికేదాన్ని. ఈసారి నిజంగానే అయింది.

వాడికి బడికి వెళ్ళే వయసులోనే తల నెరిసింది. గోళ్ళు చీలి ఊడిపోయేవి. మెడ చుట్టూ చర్మం మీద సన్నని నల్లటి అల్లిక, వల నీడ పడినట్టు. చిన్నతనంలోనే పోయిన మా మేనమామకూ అచ్చం అలాగే ఉండేదట. భద్రాచలం అడవి అంచున మా ఊళ్ళో దాన్ని వనదేవత వేసిన వల అనేవారు. అది పడ్డవాడి కాళ్ళు పసుపునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు విత్తనాల మీద చల్లుకునేవారు.

తమ్ముడు మాత్రం కాళ్ళు ఇచ్చేవాడు కాదు. "నా కాళ్లు కడిగితే మీకు పంట రాదు, నాకు జలుబొస్తది" అని పరుగెత్తేవాడు. పాల్వంచలో షిఫ్టు డ్యూటీకి చేరాక, ఎండాకాలంలో కూడా కాలరు గుండీ పెట్టుకునే తిరిగాడు. నేను వెళితే తనే టీ పెట్టేవాడు. "అక్కా, నీ భయాలన్నీ చెప్పెయ్. అవి అయిపోయేలోపు టీ చల్లారుతది."

ఒంట్లో రక్తం ఊరడం తగ్గి, హైదరాబాదు దవాఖానాకు పోయి వచ్చాక ఒకరోజు నా కొంగు పట్టుకున్నాడు.

"పోగులు ఊడకుంట కొసకు కుచ్చులు ముడేస్తవు గదా. ఒంట్ల కణం కణంల గసుంటి పోగులే ఉంటయట. మనోళ్లకు ఒక జీను చెడిపోయి, కొసలు జల్దీ అరుగుతయట. ఆడోళ్లు మోసుకొస్తరట, మగపిల్లలకు తగుల్తదట."

"అంటే నా నుంచి..."

"అమ్మ నాకు కావాల్నని ఇచ్చిందా? ఏడ్వకు."

నాతోనే ఉండే నా కూతురి కొడుకు మెడ మీద అప్పటికే మసక గీతలు. తమ్ముడే ఆయాసపడుతూ వాణ్ణి తీసుకెళ్ళి పరీక్షకు రక్తం ఇప్పించాడు. "ముందే తెలిస్తే డాక్టర్లు కనిపెట్టుకొని ఉంటరు. వీని కాళ్లు మాత్రం ఎవల్కియ్యకు" అన్నాడు. నన్ను వాడు అడిగింది అదొక్కటే.

తమ్ముడి దినం అయ్యాక రిపోర్టు వచ్చింది. మనవడికీ అదే ఉందని డాక్టరమ్మ చెప్పింది. మేము ఎవరికీ చెప్పలేదు. అయినా మనవడితో ఊళ్ళో ఆటో దిగేసరికి మా గడప ముందు ఆడవాళ్ళు పసుపునీళ్ళ బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు.

"ఇది రోగం. పొండమ్మా" అన్నాను.

"నీ తమ్ముడు గూడ గిట్లనే అనేటోడు వదినా" అంది ముందున్నామె, మెల్లగా.

మనవణ్ణి లోపలికి లాగుదామని చెయ్యి చాపాను. ఎవరూ చెప్పకుండానే వాడు అప్పటికే చెప్పులు విడిచి, ఒక పాదం ముందుకు చాపి, కదలకుండా నిలబడి ఉన్నాడు.