శంషాబాద్ నుంచి శంషాబాద్‌కు, విమానంలో

బట్టల దుకాణంలో పెరిగినవాడికి గణితం దానంతట అదే వస్తుందని మా బాపు నమ్మకం. బజారు లెక్కలు వేరు, గణితం వేరు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసేసరికి పీహెచ్‌డీలో చేరిపోయి ఉన్నాను. అట్లా శంషాబాద్ బజార్లో చీరలు మడతపెట్టిన చెయ్యి, ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీలో సుద్దముక్క పట్టింది. ఇన్నేళ్లలో నా పేరు మీద ఒక్క సిద్ధాంతం లేదు. కానీ ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్‌లో అంతర్జాతీయ గణిత సదస్సు అనగానే, స్థానిక కార్యదర్శి పదవికి అందరూ నావైపే చూశారు. కుర్చీల కవర్లకూ బస్సులకూ బిర్యానీకీ నాకంటే తక్కువ ధర తెగ్గొట్టగల గణితజ్ఞుడు ఈ చుట్టుపక్కల లేడు మరి.

డబ్బు పెట్టింది ఒక విదేశీ ఫౌండేషన్. అభివృద్ధి చెందుతున్న దేశాల పరిశోధకులను కలుపుకొనిపోవడం వాళ్ల ఆశయం. బ్యానర్ మీద 'గణితం' కంటే 'కలుపుకొనిపోవడం' పెద్దగా ఉండాలని అక్షరాల కొలతలు కూడా పంపారు.

మా కాలేజీలో ఒక చెల్లె ఉంది. వరుసకు కాదు, పిలుపుకు. ఎయిర్‌పోర్ట్ గోడ పక్క ఊరు, వ్యవసాయం చేసే ఇల్లు. రోజంతా పాఠాలు చెప్పి, మిగిలిన సమయంలో ఒక రుజువు సాధించింది. చుక్కలూ గీతలతో గీసిన బొమ్మలకు ఎన్ని రంగులు సరిపోతాయన్నది అందులో విషయం. మంచి రుజువు. నాకు కడుపు మండింది కాబట్టి గట్టిగా చెప్పగలను. సదస్సులో చెప్పడానికి ఆమెకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అయితే ప్రవేశ రుసుము ఆమె నెల జీతం కంటే ఎక్కువ. అది కట్టకపోతే ఆ ఇరవై నిమిషాలు లేవు. కాలేజీని అడిగితే, సెలవు ఇవ్వడమే గొప్ప అన్నారు.

"నువ్వు పరేషాన్ కాకు. నేను మాట్లాడుత. బేరం నా రక్తంల ఉన్నది" అన్నాను.

"బేరం వద్దన్నా. మాఫీ ఉన్నదా లేదా, గదొక్కటి అడుగు చాలు."

ఫౌండేషన్ తరఫున మాట్లాడే మేడమ్ వీడియో కాల్‌లో దొరికింది. అత్తాపూర్‌లో తన ఫ్లాట్‌లోనే కూర్చుని ఉంది. ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుంటే నేనే పోయి తలుపు కొట్టొచ్చు. కానీ అంతర్జాతీయ వ్యవహారాలు కాల్‌లోనే జరగాలట. కోస్తా వైపు మనిషి, మాట వెన్నముద్ద.

"గ్రాంటు వచ్చినవారికి రుసుము మాఫీ అండి. కాకపోతే అది ప్రయాణ గ్రాంటు. మీ అమ్మాయికి ప్రయాణమే లేదు కదండీ."

"ఇంకా మంచిదే కదా మేడమ్! టికెట్ ఖర్చు మీకే మిగిలె. ఉత్త రుసుము మాఫీ చెయ్యండి."

"అలా కుదరదండి. దూరం వల్ల రాలేనివారిని కలుపుకొనిపోవడం మా ఉద్దేశం."

"ఆమె దగ్గరున్నందుకే రాలేకపోతున్నది మేడమ్."

"అది మా పరిధిలోకి రాదండి. అయితే ఒకటి..."

ఇక నేను ఆఖరి అస్త్రం తీశాను. దుకాణాల మధ్య పెరిగినవాళ్లకు ఇది ఉగ్గుపాలతో వస్తుంది. బేరం తెగకపోతే గిరాకీ లేచి రెండడుగులు వేస్తుంది. "అక్కా, జర ఆగు" అని దుకాణదారు పిలుస్తాడు. గడప దాటేలోపే పిలవాలి, దాటాక పిలిస్తే పరువు తక్కువ. "సరే మేడమ్, ఇగ మేం పోతం" అని మొహం ముడుచుకుని కాల్ కట్ చేశాను.

ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చాయ్ చల్లారింది. ఒక విమానం దిగింది, ఇంకొకటి దిగింది. వీడియో కాల్‌కు గడప ఉండదనీ, తిరిగి నడిచిపోతున్న నా వీపు అవతలి మనిషికి కనబడదనీ అప్పుడు తట్టింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది: "మీ నెట్ పోయినట్టుందండి. చెప్పబోయింది ఏమిటంటే, దేశంలో ఏ ఊరి నుంచైనా సరే, విమానంలో వస్తే చాలు."

సదస్సుకు ముందురోజు చెల్లె పొద్దున్నే బస్సెక్కి విజయవాడ పోయింది. సాయంత్రం విమానంలో తిరిగొచ్చింది.

"మా పొలం మీదికెల్లే దిగిన అన్నా. బాపు బర్రెలను తోలుకపోతున్నడు. పైనుంచి చెయ్యి ఊపిన. పాపం ఆయనకేం ఎరుక, బిడ్డను అభివృద్ధి చెందుతున్న దేశం నుంచి తెస్తున్నరని!"

ఒక్క రుసుము మాఫీ చెయ్యడానికి ఫౌండేషన్ విమానం టికెట్టు, హోటల్ గది, దాంట్లో ఒక పండ్ల బుట్ట ఇచ్చింది. గది కిటికీలోంచి వాళ్ల ఊరి లైట్లు కనిపించేవి. వాళ్లమ్మ రోజూ టిఫిన్ డబ్బా పంపింది.

ఆమె వంతు రానే వచ్చింది. దానికి ముందు కలుపుకొనిపోవడం మీద పెద్దల ఉపన్యాసాలు. మమ్మల్ని కలుపుకొనిపోవడం ఎంత కష్టమో చెబుతూ ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ మొదటినుంచి చెప్పాడు. తీరా ఆమె లేచేసరికి, "ఎనిమిది నిమిషాలమ్మా, భోజనాల వేళైంది" అన్నాడు సభాధ్యక్షుడు.

ఆమె వాదించలేదు. కాలేజీ నుంచి నేను కిరాయి లేకుండా మోయించుకొచ్చిన నల్లబల్ల మీద రాసుకుంటూ పోయింది. చుక్క, గీత, రంగు. ఎవరూ ఫోన్లు చూసుకోవడం లేదు. గంట మోగింది. రుజువులో ఇంకొక్క మెట్టే మిగిలింది. చీరంతా పరిచి, కొంగు మాత్రం విప్పనట్టుంది బల్ల. ఆమె సుద్దముక్క కింద పెట్టి, "సమయమైందట, థాంక్యూ" అని వేదిక దిగి తలుపు వైపు నడిచింది.

ఒక అడుగు. రెండు. నేను గడప వైపు చూశాను.

"ఆగమ్మా!" ముందు వరుసలోంచి కెన్యా ప్రొఫెసరొకాయన ఇంగ్లీషులో కేకేసి లేచాడు. ఆయనా గ్రాంటు మీదే వచ్చాడు, విమానాలు మారి మారి. "ఆ చివరి మెట్టు చూడకుండా నేను భోజనానికి లేవను." వెనక నుంచి ఇంకా గొంతులు కలిశాయి. అధ్యక్షుడు గంటను జేబులో వేసుకున్నాడు. ఆమె వెనక్కి వచ్చి మిగిలింది చెప్పింది. ప్రశ్నలతో కలిపి ఇరవై నిమిషాలూ దాటిపోయాయి. బిర్యానీ చల్లారింది.

బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "శభాష్ చెల్లె! కొంగు ఆపినవ్, రెండడుగులు ఏసినవ్, గడప దాటకముందే పిలిపిచ్చుకున్నవ్! మా బాపు చూస్తే దుకాణం నీ పేర రాసిచ్చేటోడు."

ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ నావైపు వింతగా చూసింది.

"నేను బేరం చెయ్యలే అన్నా. నిజంగనే ఇంటికి పోతుంటి."