పేరు పలికిన తిండి

కన్నమ్మ జావ దించే ముందు గరిటె కొసన ఒక్క చుక్క తీసి ఎడమ ముంజేతి మీద వేసుకుంటుంది. ఊదదు. చల్లారేదాకా ఆ చుక్క వంకే చూస్తుంది. తర్వాత నాలుకకు అద్దుకుని తల ఊపుతుంది. ఉప్పు సరిపోయిందని నోటితో చెప్పదు. తల ఊపిందంటే గిన్నెలు తీసుకురావచ్చు.

ఇంట్లో అంతే, పెళ్ళి వంటల్లో అంతే. ఆ వానాకాలం సి.ఎస్.ఐ. గుడి వెనక రేకుల పందిట్లోనూ అంతే.

అది రెండువేల ఆరు. పినపాక దాటి అడవి అంచునున్న ఊళ్ళను కీళ్ళ జ్వరం పట్టుకుంది. పొద్దున నాటు వేసిన మనిషి సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేవాడు. దవాఖానాలో మంచాలు చాలలేదు. ఇళ్ళల్లో పొయ్యి వెలిగించాల్సిన ఆడమనిషే ముందు పడింది. జ్వరం కంటే ఆకలి తొందరపడేలా ఉంది.

ఊరికి మూడు క్రైస్తవ గుళ్ళు. సి.ఎస్.ఐ. గుడి, ఫాదర్ల కతోలిక గుడి, తండా వైపు పెంతెకొస్తు మందిరం. క్రిస్మస్ నాడు కూడా ఒకరి గడప ఒకరు తొక్కరు. ఒకరి బాప్తిస్మం ఇంకొకరికి చెల్లదు, ఒకరి పాట ఇంకొకరికి గోల. అయినా జ్వరం వాళ్ళను ఒక పందిరి కిందికి తెచ్చింది. ఫాదర్ల గుడి నుంచి గుండిగలు వచ్చాయి. నూకలు సి.ఎస్.ఐ. వాళ్ళు పోగుచేశారు. కట్టెలు కొట్టడం, బకెట్లతో ఊరూరికీ జావ మోయడం మందిరం వాళ్ళు ఒప్పుకున్నారు. వంటకు కన్నమ్మను పిలిచారు. ఆమెకు జ్వరం ముందే వచ్చి పోయింది. మోకాళ్ళు మాత్రం ఇంకా లోలోపల కాలుతున్నాయి.

మొదటి రోజు జావ అడుగంటింది.

దించే ముందు ప్రార్థన చేయాలన్నారు. సి.ఎస్.ఐ. ప్రకాశం అయ్యగారు పుస్తకం చూసి నిదానంగా చదివాడు. ఆయన ఆమేన్ అన్నాడో లేదో మందిరం పాస్టరు దస్రు చేతులెత్తి అందుకున్నాడు. అతని ప్రార్థన గుట్ట ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. అయిపోయిందనుకునేసరికి ఫాదర్ల గుడి సిస్టరమ్మ సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టింది. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆఖరి ఆమేన్ ఎవరిదో ఎవరికీ తెలియదు. కింద మంట తన పని తాను చేసుకుపోయింది.

"ప్రభువా, మాడు వాసనొస్తున్నది," అంది మందిరం చిన్నక్క, కళ్ళు తెరవకుండానే.

"అది ప్రార్థనా, కబురా?" అన్నాడు అయ్యగారు.

"గిట్ల అడుగంటితె గదే ప్రార్థన, అయ్యగారూ."

మూడు గుళ్ళ మనుషులు కలిసి నవ్వడం కన్నమ్మ వినడం అదే మొదలు. మర్నాటి నుంచి రోజుకొకరే ప్రార్థన చేశారు. అంతసేపూ కన్నమ్మ కళ్ళు తెరిచి గరిటె తిప్పుతూ ఉండేది.

వాగు అవతల కోయగూడెం. కన్నమ్మ పుట్టింది అక్కడ. పెళ్ళయ్యాక మొగుడితో పాటు గుడికి వచ్చి బాప్తిస్మం తీసుకుంది. ఆమె అన్న జంపయ్య గూడేనికి పెద్ద. కొత్తల పండుగ అయిన మర్నాడు అమ్మవారికి పెట్టిన చిక్కుళ్ళు, కొత్త మొక్కజొన్నలు ఆకులో పొట్లం కట్టుకుని చెల్లెలి గుమ్మానికి వచ్చాడు ఒకసారి. అప్పుడామె బాప్తిస్మం కొత్తలో ఉంది.

"వేరే పేరు పలికిన తిండి మేం తినం, అన్నా," అంది.

జంపయ్య పొట్లం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాకపోకలు ఆగలేదు గానీ, ఆ రోజు నుంచి ఆమెతో కోయ మాట్లాడటం మానేశాడు. అడవి గార్డుతో మాట్లాడినట్టు తెలుగులో మాట్లాడతాడు.

ఈ జ్వరాల్లో గూడేనికి పోయిన జావ బకెట్ నిండుగా తిరిగొచ్చింది. చిన్నక్క దాన్ని కింద పెట్టి చెమట తుడుచుకుంది.

"మీ అన్న వద్దన్నడక్కా. ఆయన వద్దనంగనే గూడెమంత మూతి ముడిచింది."

"ఎట్లున్నడు?"

"లేస్తలేడు. మింగుడు మానిండని మీ వదినె ఏడుస్తున్నది."

కన్నమ్మ చిన్న సత్తు గిన్నెలో జావ పోసుకుని మూత పెట్టింది. మోకాళ్ళు వద్దంటున్నా వాగు దాటింది.

జంపయ్య మంచంలో పలచబడి ఉన్నాడు. గొంగడి కింద మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. చెల్లెలిని చూసి, ఆమె చేతిలోని గిన్నెను చూశాడు.

"దీని మీద మీ దేవుని పేరు పలికిన్రా?"

"అవ్, పలికిన్రు."

"వేరే పేరు పలికిన తిండి మేం తినం, చెల్లె."

కోపం లేదు. ఆమె మాట ఆమెకే, మడత నలగకుండా అప్పజెప్పాడు.

"ఎవలు నేర్పిన్రో యాదికున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"మంచి మాటే. మనిషన్నంక ఒక పట్టుండాలె."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది. చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోకుండా తనను పట్టుకున్న చెయ్యి అది. ఇప్పుడు వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే మొండికేస్తే ఈ పట్టుతోనే పోతాడని ఆమెకు తెలిసింది.

కన్నమ్మ తిరిగొచ్చి, పందిట్లో అందరూ ఉండగానే అడిగింది.

"జావ మీద ప్రార్థన ఆపుదాం, అయ్యగారూ."

ముందు దస్రు లేచాడు. "పేరు చెప్పుకోనీకి సిగ్గుపడమంటవా అక్కా? సిగ్గుపడితె మరి మనమెందుకు, ఎవడో ఒక హోటలోణ్ణి పెట్టుకుంటె సరిపాయె!"

"మా సంఘం వాళ్ళకు ఏం జవాబు చెప్పాలి?" అన్నాడు అయ్యగారు. "ఇప్పటికే మందిరం వాళ్ళతో కలిశానని సగం మంది మొహం తిప్పుకుంటున్నారు."

"మాతోటి కలిస్తె అంత పాపమా?" దస్రు గొంతు పెరిగింది.

సిస్టరమ్మ గుండిగ అంచు పట్టుకుని నిలబడింది, వాళ్ళిప్పుడే దాన్ని తన్నేస్తారేమో అన్నట్టు.

కన్నమ్మ పొయ్యిలో కట్టెలు పేర్చింది. "ప్రార్థన మానమంటలేను. పొయ్యి అంటియ్యక ముందే చేసుకుందాం. మన మీద చేసుకుందాం, మన చేతులు మంచిగుండాలని. జావకేం తెలుసు? అది నూకలు, నీళ్ళు."

అయ్యగారు పుస్తకం తెరిచి ఏదో వెతికాడు.

"మాడుడు గూడ తప్పుతది," అంది చిన్నక్క మెల్లగా.

దస్రు కూర్చున్నాడు. కింద మట్టి గీకాడు. "మా అమ్మ గూడ తాగలే," అన్నాడు. "తండాల పంచిన రోజే గిన్నె పక్కకు జరిపింది. కొడుకును పాస్టర్ని, ఎవరికి చెప్పుకోను?"

అయ్యగారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "ఈ పూటకు ఇంకా పొయ్యి అంటించలేదు కదా," అన్నాడు. "రండి."

అయ్యగారు, దస్రు, సిస్టరమ్మ ముగ్గురూ చల్లని పొయ్యి చుట్టూ నిలబడ్డారు. ఆ ప్రార్థన పొట్టిగా జరిగింది. తర్వాత మంట, నూకలు, నీళ్ళు. జావ ఉడుకుతుంటే పందిట్లో గరిటె చప్పుడు ఒక్కటే వినిపించింది.

కన్నమ్మ మళ్ళీ వాగు దాటింది.

"ఇప్పుడేం పలికిన్రు?" అన్నాడు జంపయ్య.

"దీని మీద ఏం పలకలే. ఉప్పేసిన."

"అబద్ధమాడుతలేవు గదా?"

"నేను అబద్ధమాడితె అక్కడ మా అయ్యగారు ఒప్పుకోడు, ఇక్కడ నువ్వొప్పుకోవు. మీ ఇద్దరి నడుమ నేనెట్ల బతకాలె?"

జంపయ్య నవ్వబోయి దగ్గాడు. ఆమె అతని తల ఎత్తి తన మోచేతి వంపులో పెట్టుకుంది. గిన్నె అంచు పెదవులకు తాకించింది. మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. రెండోది లోపలికి పోయింది. వదినె గుంజకు ఆనుకుని, గుక్క గుక్కకూ తానే మింగుతున్నట్టు చూస్తోంది.

సగం గిన్నె అయ్యాక అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు, కోయలో.

జవాబు చెప్పబోతే కన్నమ్మకు మాట వెంటనే దొరకలేదు. వాడక తప్పి ఎన్నో ఏళ్ళయింది. వెతుక్కుని వెతుక్కుని, "రేపు వేస్తా," అంది, అదే భాషలో.

మర్నాడు ఆమె పందిరికి పోలేదు. పొయ్యి చిన్నక్కకు అప్పగించి, కొంగులో నూకలు మూటగట్టుకుని, తెల్లవారగానే వాగు దాటింది. అన్న ఇంట్లో బూడిద ఎత్తి, తడి కట్టెలతో పొగలో కుస్తీ పట్టి పొయ్యి రాజేసింది. జావ ఉడికింది. మొదటి గరిటె వదినె ఆకులో పట్టుకుంది. నడిమి గుంజ దగ్గర పెట్టి, చనిపోయిన ఇంటి పెద్దలను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది. అందులో కన్నమ్మ తండ్రి పేరుంది, తల్లి పేరుంది. పిలుపులు అయిపోయేదాకా కన్నమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. తర్వాత అన్నకు పోసింది, వదినెకు పోసింది. ఇంకో గిన్నె వెతికి తెచ్చుకుని, తనకూ పోసుకుని, గడప మీద కూర్చుని తాగింది.