కంట్లో పసుపు బల్బు

ఆ దర్జీ నోటికి జడిసి వీధిలో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. అలాంటివాణ్ణి తన మరిది నోరెత్తకుండా చెయ్యడం వదిన కళ్ళారా చూసింది. కోటు నీలానికీ లోపలి గుడ్డ నీలానికీ పొంతన లేదంటూ దర్జీ ఆ రెండూ తెచ్చి మరిది అద్దకం కొట్లో విసిరికొట్టాడు.

"నీ కొట్లో వెలిగేది పసుపు బల్బు," అన్నాడు మరిది తాపీగా. "గుడ్డ తన మీద పడ్డ వెలుగులో కొంత మింగి, మిగిలింది మనకేసి విసురుతుంది. బల్బులోనే నీలం కరువైతే గుడ్డ ఎక్కణ్ణుంచి తెస్తుందయ్యా? ఎండలోకి రా."

ఎండలో రెండూ కవలల్లా ఉన్నాయి. దర్జీ గుడ్డలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"కుట్లు వేసేవాడి నోటికే కుట్టు వేశావు," అని వదిన చాన్నాళ్ళు మురిసింది.

నీలంలో పసుపు కలిపితే రెండూ చెరికాస్త వెలుగు మింగుతాయి. ఆకుపచ్చ ఒక్కటే బతికి బయటపడుతుంది. ఎంతకెంత కలపాలో మరిది ముప్పై ఏళ్ళుగా కంటితోనే కొలిచాడు.

మొన్న బడి తెరలకు లేతాకుపచ్చ కావాలన్నారు. వదిన అన్నం క్యారియరు తెచ్చేసరికి అతను పసుపు నీళ్ళ గంగాళంలో నీలం పోస్తున్నాడు. ఒక మూత. చూశాడు, తల అడ్డంగా ఊపాడు. రెండు. నాలుగు. నీళ్ళు నీలానికి తిరిగిపోయాయి.

"ఇప్పుడిప్పుడే ఆకుపచ్చ వస్తోంది, వదినా."

"ఎవరితో వేళాకోళం?"

అతను నవ్వలేదు.  ఆమె కొయ్య మీది నూలు కట్టలు రెండు, ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం, లాక్కుని అతన్ని ఎండలోకి నడిపించింది.

"నలుపేదో చెప్పు."

"రెండూ నలుపేగా."

అతని కనుపాపలో, ఎండ నేరుగా పడ్డచోట, టీ డికాక్షను రంగు పొర కనిపించింది.

"ఆ దర్జీ బల్బు నా కంట్లోకొచ్చి కూర్చుంది," అన్నాడు గొంతు తగ్గించి. "ఆర్నెల్లుగా తెలుసు. బయటపడితే ఈ కొట్టు గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"కంటాసుపత్రికి పద. పొర తీసేస్తారు."

"తీశాక కూడా నీలం రాకపోతే?"

"వచ్చి తీరుతుంది, పద," అంది వదిన, వీధంతా వినపడేలా.

అతను వీధి అటూ ఇటూ చూసి గోళ్ళదాకా నీలం పట్టిన చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. 

"సోమవారం వెళదాం. అంతవరకూ రోజూ వచ్చి గంగాళం పక్కన కూర్చో. నీలం సరిపోగానే దగ్గు. మాట మాత్రం వద్దు, వదినా. నువ్వు నోరు విప్పితే వీధి చివరిదాకా వినపడుతుంది."