తాగని తాత కలిపే గ్లాసు

మా తాత అప్పలనరసింహం బుద్ధెరిగాక ఒక్క చుక్క మందు ముట్టలేదు. కానీ ఒడిశాలోని మా రాయగడ మొత్తంలో మందు కలపడం తనకొక్కడికే వచ్చని ఆయన నమ్మకం. తాగేవాళ్ళకి తాగడమే తెలుసు, కలపడం తెలీదు అనేవాడు. ఎవరో గ్లాసులో గబుక్కున నీళ్ళు గుమ్మరించి తాగేశారని విన్నా చాలు, పెళ్ళిలో ఉప్పు లేని పప్పు వడ్డించినంత బాధపడేవాడు.

ఈ విద్య ఆయనకి డొరగుడ నుంచి వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీ పనిమీద వచ్చిన ఒక తెల్ల ఇంజనీరు ఇంటికి మా కిరాణా కొట్టు నుంచే సరుకులు వెళ్ళేవి. తొంభై తొమ్మిదిలో ఆ దొర తన దేశం వెళ్ళిపోతూ, ఇన్నేళ్ళూ పురుగు లేని గోధుమపిండి పంపినందుకు తాతకి ఒక బర్బన్ సీసా బహుమతిగా ఇచ్చాడు. అది మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ అనీ, లోపల మాడ్చిన చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారనీ చెప్పి, నిమ్మకాయ సోడాతో కలిపే పద్ధతి కూడా చేసి చూపించాడు. తాత రుచి చూడలేదు. మూత తీసి వాసన చూశాడు. బస్తా మూతి విప్పకుండా లోపలి మిరపకాయలు ఏ ఊరివో చెప్పగల ముక్కు అది. "మాడిన పంచదార, లవంగం, వానకి తడిసిన తలుపు" అని తేల్చేశాడు. దొర టోపీ తీసి దణ్ణం పెట్టాడట. టోపీ సంగతి తాత చెప్పిందే, సాక్షులు లేరు.

ఆ పద్ధతి ఆయన చేతిలో పడ్డాక వ్రతమైపోయింది. ముందు స్నానం. తర్వాత పొడుగు గాజు గ్లాసు నిండా ఐసు. దాని మీద, సీసా మూతతో కొలిచి నాలుగు మూతల బర్బన్. నిమ్మకాయని అరచేతి కింద దొర్లించి సగానికే పిండాలి, చివరిదాకా పిండితే చేదు దిగుతుంది. పంచదార వేయకూడదు, పాకం పోయాలి. ఆపైన గోళీ సోడా, గ్లాసు అంచు పట్టుకుని జారుతూ, నిద్రపోతున్న పిల్లని మంచం మీదకి దించినంత నెమ్మదిగా. చెంచాతో ఒక్కటంటే ఒక్క తిప్పు. చివర గ్లాసుని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. బుడగల చప్పుడు నచ్చితే "పలుకుతంది" అనేవాడు. నచ్చకపోతే పెరట్లో పారబోసేవాడు. ఆ ఏడాది మా కరివేపాకు చెట్టు మహా హుషారుగా ఊగేదని మా మామ్మ సుభద్రమ్మ దెప్పేది.

"రెండు తిప్పులు తిప్పితే ఏటవుద్ది?" అని అడిగిందొకసారి మామ్మ.

"సోడా సచ్చిపోద్ది."

"ఒక్క చుక్క తాగరు. ఇంత సేవ ఎవరికండీ?"

"తాగినోడికి."

ఆ తాగినోడు దాలయ్య. గూడ్సు రైలు డ్రైవరు, రైల్వే కాలనీలో ఉండేవాడు, తాతని బావా అని పిలిచేవాడు. మనిషి వెన్న. కానీ రెస్టు దొరికిన సాయంత్రం స్టేషను వెనకాల సారా కొట్లో కూర్చుంటే లేచేవాడు కాదు. ఒకసారి డ్యూటీ ఎక్కబోయే ముందు, డ్రైవర్లు హాజరు వేయించుకునే లాబీలో, ఊదే మిషన్‌లో ఊదితే అంకెలు గంతులేశాయి. ఛార్జిషీటు ఇచ్చారు. రెండోసారి దొరికితే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

అందరూ మానెయ్యమన్నారు. తాత ఒక్కడే "సారా కొట్టుకెందుకురా, నా ఇంటికి రా, నాను కలుపుతాను" అన్నాడు. దాలయ్య భార్య సూర్యావతికి ఒళ్ళు మండిపోయింది. మా కొట్టు ముందు నిలబడి వీధంతా వినేలా కడిగేసింది.

"అన్నయ్యా అని పిల్సిన నోటితోనే అంటన్నాను, నీ సేతులు పడిపోను! మడిసి మునిగిపోతంటే గ్లాసు అందిస్తావా?"

తాత చింతపండు తూస్తూ, "గ్లాసు కాదమ్మి, కొలత" అన్నాడు.

ఆ రోజునుంచి ఆవిడ ఉప్పు కూడా మా కొట్లో కొనలేదు. దారిలో తాత ఎదురైతే ఓ రెండు మాటలు అనకుండా వదల్లేదు.

దాలయ్య మాత్రం రెస్టు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. మూడు గ్లాసులు కోటా. మొదటి గ్లాసుకి ఘాటీలో బ్రేకులు వేసిన కథలు చెప్పేవాడు. రెండో గ్లాసుకి చనిపోయిన వాళ్ళమ్మని తలుచుకుని ఏడ్చేవాడు. మూడో గ్లాసుకి తాత మెడ కౌగిలించుకుని "నువ్వు దేముడివి బావా" అనేవాడు. మొదట్లో తాత అతని ఎదుటే కలిపేవాడు. కొన్నాళ్ళకి, దిష్టి తగులుతుందని, గోడవైపు తిరిగి కలపడం మొదలుపెట్టాడు.

"దొర సీసా ఇంకా అవలేదా బావా?"

"పెట్టె ఇచ్చి ఎల్లేడ్రా."

దాలయ్యకి అంతకు మించి విచారణ అక్కర్లేకపోయింది.

దసరా వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం, వీధి దీపాలు ఇంకా వెలగలేదు, దాలయ్య మూడో గ్లాసు సగంలో ఉన్నాడు. చంకలో పుస్తకంతో కాల్‌మన్ లక్ష్మణుడు గుమ్మంలో దిగాడు. డ్రైవర్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి డ్యూటీకి పిలిచి, ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం అతని పని.

"దాలయ్యగారూ, కోరాపుట్ గూడ్సు. ఏడింటికి లాబీలో ఉండాల."

"నా ముందు ఇద్దరున్నారు కదరా!"

"ఒకాయనకి జొరం. ఇంకొకాయన పెల్లికెల్లి రాలేదు. సంతకం ఎట్టండి."

దాలయ్య మొహంలో నెత్తురు లేదు. ఒంట్లో బాగాలేదందామంటే రైల్వే డాక్టరు ముందు కూడా ఈ నోరే తెరవాలి. పుస్తకం చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఉద్యోగం పోతే పోయింది బావా. తాగి బండెక్కను. ముందు ఎన్ని పేణాలుంటాయో."

"సంతకం ఎట్రా. నువ్వు తాగింది ఒట్టి నిమ్మకాయ సోడా."

"నా తల తిరుగుతంది బావా!"

"పొద్దున్నించి ఏటి తిన్నావు?"

"ఏటీ తిన్లేదు."

"అందుకే తిరుగుతంది."

"నాకు నువ్వు ఇద్దరు కనిపిస్తన్నావు!"

"జేబులో కల్లజోడుంది, పెట్టుకో."

అప్పుడు చెప్పాడు తాత. దొర ఇచ్చింది ఒక్క సీసానే. వారం వారం మూతలు తగ్గించుకుంటూ వచ్చాడు. నాలుగు మూడయ్యాయి, మూడు ఒకటైంది, వానలు మొదలయ్యేసరికి సీసా ఖాళీ. అప్పట్నుంచీ ఆ సీసాలో ఉన్నది మాడ్చిన పంచదార, లవంగాలు, గొంతు మండడానికి శొంఠి, రంగుకి టీ డికాషన్. మధ్యాహ్నం బేరాలు లేని వేళల్లో కొట్లో కూర్చుని, వాసన చూసుకుంటూ, దొర సీసాకి జోడీ కుదిర్చాడు.

దాలయ్య నమ్మలేదు. "నన్ను ఓదారుస్తన్నావు. నాలుగు నెల్లుగా మాయమ్మ కోసం నాను ఏడ్సింది సోడా తాగా?"

తాత అతని చేత సంతకం పెట్టించి, రెక్క పట్టుకుని లాబీకి నడిపించాడు. దాలయ్య దారంతా రోడ్డుకి ఈ పక్కా ఆ పక్కా తూలుతూనే ఉన్నాడు. "తిన్నగా నడు. సోడాకి ఇంత తూలుడేట్రా, పరువు తక్కువ" అని తాత గొణుగుతూనే ఉన్నాడు. లక్ష్మణుడు కాలనీలో కబురు చేరేసినట్టున్నాడు, సూర్యావతి లాబీ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ తాతని చూసిన చూపుకి పటికబెల్లం కరిగి పాకమైపోవాలి.

లోపల డ్యూటీ రాసే గుమాస్తా బాబు మిషన్ అందించాడు. దాలయ్య కళ్ళు మూసుకుని ఊదాడు. సున్నా.

"ఠిక్ అఛి, జాఅ," సరే వెళ్ళమన్నాడు బాబు ఒడియాలో, రిజిస్టరు ముందుకు తోస్తూ.

దాలయ్య కదల్లేదు. "ఇంకోపాలి సూడండి బాబూ. మిషన్ పాడైపోయుంటాది."

కిటికీ బయట తాత నుదురు కొట్టుకున్నాడు.

రెండోసారీ సున్నాయే. మూడోసారి ఊదబోతుంటే బాబే మిషన్ లాక్కుని బీరువాలో పెట్టేశాడు. ఆ సున్నా చూసిన క్షణానే దాలయ్యకి నిషా మొత్తం దిగిపోయింది. సూర్యావతి పరుగున వెళ్ళి తెచ్చిన టిఫిను గిన్నె అక్కడే ఖాళీ చేసి, సైనికుడిలా తిన్నగా నడిచి ఇంజనెక్కాడు.

మర్నాడు సాయంత్రం కోరాపుట్ నుంచి తిరిగొచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఇన్నాల్లూ మోసం సేసేవు బావా."

"సేసేను."

"మరి నా ఏడుపో?"

"ఏడుపు నీదేరా. సరుకే నాది."

అంతలో సూర్యావతి వచ్చింది. క్షమించమని అడగడానికే వచ్చింది కానీ, తాతని తిట్టడం తప్ప వేరే మాట అలవాటు తప్పిపోయింది కాబట్టి తిడుతూనే మొదలుపెట్టింది.

"నీకు బుద్దుందా అన్నయ్యా! నాకైనా ఒక్క ముక్క సెప్పొచ్చు కదా! అన్ని మాటలంటంటే తూకం తూసుకుంటా కూకున్నావు!"

"సెప్తే నువ్వు తిట్టడం మానేద్దువు. నువ్వు మానేస్తే ఈడికి అనుమానం వస్తాది. నువ్వు అలగ తిట్టబట్టేనమ్మి, ఆ సోడా ఈడికి ఎక్కింది."

సూర్యావతి స్టూలు లాక్కుని కూర్చుంది. "అయితే నాకూ ఒకటి కలుపు. ఇన్నాల్లూ దేన్ని తిట్టేనో సూడాల."

తాత స్నానానికి లేచాడు. తిరిగొచ్చి, ఆవిడ ఎదుటే, ఒక్కొక్కటీ చూపిస్తూ కలిపాడు. ఇది నిమ్మరసం. ఇది పాకం. ఇది మాడిన పంచదార. ఇది సోడా. ఆవిడ కళ్ళార్పకుండా చూసి, గ్లాసందుకుని, కళ్ళు మూసుకుని సగం తాగి కింద పెట్టింది. ఓ చెయ్యి నెమ్మదిగా గోడ మీద ఆనించింది.

"అన్నయ్యా... కొంచెం తల తిరుగుతన్నట్టుందేటి?"

తాత మొహం చూడాలి. పెద్ద బిరుదేదో ఇచ్చినట్టు వెలిగిపోయింది.

"ఇంక సాలండీ, ఇంకోటి కలపకండి," అంది మామ్మ లోపల్నుంచి. "పాపం కాలనీ దాకా నడిసెల్లాల."

దాలయ్య చొక్కా సర్దుకుని, పెద్దమనిషి తరహాగా లేచి నిలబడ్డాడు.

"పర్లేదక్కా, నాను పట్టుకుని తీసుకెల్తాను. నాకు అలవాటే కదా."