దర్వాజలో ఇరుక్కున్న బల్ల

పందొమ్మిది వందల యాభైల్లో మాదన్నపేటలో కొత్తగా వడ్రంగి దుకాణం పెట్టుకున్నాను. ఒక వకీలుగారి కోసం మూడు నెలలు కష్టపడి శీషం కర్రతో బల్ల చేశాను. పైన ఇత్తడితో మల్లెతీగ పొదిగాను, కాళ్లను ఏనుగు తొండాల్లా వంపు తిప్పాను.

తీరా వాళ్లింటికి తీసుకెళ్తే దర్వాజలో పట్టలేదు. ఎటు తిప్పినా కాళ్లు అడ్డుపడ్డాయి. జిగురుతో బిగించినవి, ఊడిరావు. ద్వారం కొలవడమే మరిచిపోయాను! గల్లీ అంతా చూస్తోంది. సిగ్గుతో, కాళ్లు కోసేద్దామని రంపం తీశాను.

వకీలుగారి తల్లి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంది బిడ్డా, గీ పని? దర్వాజ పీకు. అది మళ్ల పెట్టుకుంటం. గిసొంటి కాళ్లు మళ్ల వస్తయా?"

దర్వాజ చుట్టూ ఉన్న చౌకట్టు ఊడదీసి బల్లను లోపల పెట్టాం. నా పని విలువ నాకంటే ముందు ఆమెకే తెలిసిందని ఇప్పటికీ అనుకుంటాను.